మన ఎండల్లో బ్లూబెర్రీ: మొక్క కొనే ముందు, కొన్న తర్వాత

"ఎకరం బ్లూబెర్రీ వేస్తే ఏటా ఇన్ని లక్షలు, మొక్కలు మేమే ఇస్తాం, పండు మేమే కొంటాం" అనే వీడియోలు చూసి ఫోన్ చేసే రైతులు ఈమధ్య బాగా పెరిగారు. అందరి ప్రశ్నా ఒకటే: "సార్, ఇది మన దగ్గర పండుతుందా?" పండుతుంది. కానీ ఎక్కడ, ఏ నీటితో, ఎన్ని మొక్కలతో మొదలుపెట్టాలి అన్నవి తేల్చుకోకుండా అడ్వాన్సు కట్టకండి. ఈ పంటలో డబ్బు పోయేది ఎండ వల్ల అనుకుంటారు చాలామంది. నేను చూసినంతలో ఎండ కంటే ముందు బోరు నీరే మొక్కను చంపుతుంది. అందుకే ఈ వ్యాసంలో నీటి గురించి కాస్త ఎక్కువగా రాశాను. ఓపిగ్గా చదవండి.

ఇది ఎలాంటి మొక్క

బ్లూబెర్రీ ఉత్తర అమెరికా పొద. అక్కడ అడవుల్లో, ఇసుక కలిసిన పుల్లటి నేలల్లో, కుళ్లిన ఆకుల పొరలో పెరిగేది. దీన్ని తోటపంటగా మార్చి వందేళ్ల పైచిలుకే అయింది. ఈ మొక్కకు ఆమ్ల నేల తప్పనిసరి అని ఫ్రెడరిక్ కోవిల్ అనే అమెరికా వృక్ష శాస్త్రవేత్త 1910లో ప్రకటించారు. న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్ అనే రైతు కుటుంబీకురాలితో కలిసి ఆయన పెంచిన తోట నుంచి 1916లో తొలి పంట అమ్మకానికి వెళ్లింది. అంతకు ముందు మంచి నేల, పశువుల ఎరువు, సున్నం వేసి పెంచబోయిన వాళ్ల మొక్కలన్నీ చచ్చిపోయాయి. మన రైతుల్లో మొదటిసారి వేసేవాళ్లు కూడా సరిగ్గా ఇదే చేస్తున్నారు కాబట్టి ఈ పాత సంగతి చెబుతున్నాను.

దీని వేళ్లు జుట్టులా సన్నగా, నేల పైపొరలోనే ఉంటాయి. మిగతా పంటలకు ఉండే నూగు వేళ్లు దీనికి ఉండవు. అందువల్ల తడి ఆరితే తట్టుకోలేదు, నీరు నిలిచినా తట్టుకోలేదు. ఉప్పు, సున్నం ఏ కాస్త ఎక్కువైనా ముందు వేరు మాడుతుంది, తర్వాత ఆకు అంచు మాడుతుంది.

చలి లెక్క

చల్లటి దేశాల పండ్ల మొక్కలకు చలికాలంలో కొన్ని గంటల నిద్ర కావాలి. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తక్కువగా ఉన్న గంటలన్నీ కలిపి దాన్ని లెక్కిస్తారు. ఉత్తరాది రకాలకు ఇది 800 నుంచి 1000 గంటలు. ఆ రకాలు మన దగ్గర బతికినా పూయవు. ఆన్‌లైన్‌లో విత్తనాలు, చవక మొక్కలు అమ్మేవాళ్లు ఎక్కువగా అంటగట్టేవి ఇలాంటివే. విత్తనంతో మాత్రం పెంచకండి, ఏ రకం వస్తుందో ఎవరూ చెప్పలేరు.

మనకు పనికొచ్చేవి దక్షిణాది రకాలు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ షార్ప్ అనే శాస్త్రవేత్త, అక్కడి అడవిలో ఏడాదంతా ఆకు రాల్చకుండా ఉండే చిన్న బ్లూబెర్రీ జాతిని ఉత్తరాది రకాలతో సంకరం చేయడం మొదలుపెట్టారు. అలా వచ్చిన తొలితరం రకాల్లో షార్ప్‌బ్లూ ఒకటి. తర్వాత మిస్టీ, ఎమరాల్డ్, జ్యువెల్ లాంటివి వచ్చాయి. అమెరికా వ్యవసాయ శాఖ మిసిసిపీలో తయారుచేసి 1998లో విడుదల చేసిన బిలాక్సీకి 150 గంటల చలి కూడా అక్కర్లేదు. వెచ్చటి దేశాల్లో మొదట అడుగుపెట్టింది ఎక్కువగా ఇదే.

మన దగ్గర చలి ఎంత? అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలం లంబసింగినే తీసుకోండి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున అక్కడ మంచు పేరుకున్న ఫోటోలు అందరం చూస్తాం. అయితే ఆ చలి రాత్రి చివరి జాములోనే. రోజుకు 4, 5 గంటల చొప్పున 30 రాత్రులు వచ్చాయని ఉదారంగా లెక్కేసినా 150 గంటలు దాటవు. పైగా మధ్యాహ్నం ఎండ అందులో కొంత చెరిపేస్తుంది. ఇక హైదరాబాద్, కర్నూలు, గుంటూరుల్లో ఈ లెక్క సున్నా అనుకోండి.

కాబట్టి మనం మొక్కను నిద్రపుచ్చే పద్ధతి వదిలేసి, ఆకు రాలకుండా ఏడాది పొడవునా మేల్కొని ఉంచే పద్ధతి పాటించాలి. పెరూ దేశంలో చేసింది ఇదే. చలి అక్కర్లేని రకాలు వేసి, కత్తిరింపుతో కాపు సమయాన్ని నడిపి, పదేళ్లలోనే ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బ్లూబెర్రీ ఎగుమతి చేసే దేశమయ్యారు.

పెరూ పేరు ఇప్పుడు మొక్కలమ్మేవాళ్ల నోట బాగా వినిపిస్తోంది. "అక్కడ ఎడారిలో పండింది, ఇక్కడ పండదా" అంటారు. ఇక్కడే జాగ్రత్తపడాలి. పెరూ తీరం ఎడారే గానీ నిప్పుల కొలిమి కాదు. పక్కనే సముద్రంలో చల్లటి ప్రవాహం ఉండటం వల్ల ఎండాకాలంలోనూ పగటి వేడి 30 డిగ్రీలు దాటేది అరుదు. మన మైదానాల్లో మే నెలలో 42 నుంచి 45. మొక్క ఆహారం తయారుచేసుకునే పని 30 దాటితేనే మందగిస్తుంది. వాళ్ల దిగుబడి అంకెలు మన ఎకరానికి అంటించి చూపితే నమ్మకండి.

ఎక్కడ వేయవచ్చు

చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాలు మొదటి వరుసలో ఉంటాయి. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, ఎర్రటి పుల్లని నేలలు, సున్నం తక్కువ ఉన్న ఊట నీరు ఉన్నాయి. స్ట్రాబెర్రీ పండించిన రైతులు అక్కడ ఇప్పటికే ఉన్నారు. నేల పరీక్షలో ఉదజని సూచిక 5.5 లోపు వచ్చి, వాలు ఉండి నీరు నిలవని చోట నేలలోనే బెడ్లు చేసి నాటవచ్చు. ఒక మాట. అది షెడ్యూల్డు ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనడమే కాదు, కౌలుకు తీసుకోవడం కూడా చెల్లదు. మైదానం నుంచి పెట్టుబడితో వెళ్లేవాళ్లకు ఎవరైనా "కాగితాలు మేం చూసుకుంటాం" అంటే వెనక్కి వచ్చేయండి. ఈ పంట అక్కడి గిరిజన రైతులకు కాఫీ, మిరియాల పక్కన పెరటి పంటగా ఒదగాలి.

మదనపల్లె, కుప్పం వైపు, బెంగళూరు పీఠభూమి అంచు రెండో వరుస. ఎండ కాస్త తక్కువ, రాత్రులు చల్లన, పండు అమ్ముకోవడానికి బెంగళూరు దగ్గర. తెలంగాణలో వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల్లో షేడ్‌నెట్ కింద కుండీల్లో ప్రయత్నించవచ్చు. కోస్తా మైదానాలు, పల్నాడు, ఖమ్మం, రామగుండం లాంటి చోట్ల వాణిజ్యంగా వేయమని నేను చెప్పను. పెరట్లో సరదాకి పది కుండీలు పెట్టుకుంటే అది మీ ఇష్టం.

నేల: గంధకంతో మార్చేద్దాం అనుకునేవారికి

కావలసిన ఉదజని సూచిక 4.5 నుంచి 5.5. మన నల్లరేగళ్లు 8 చుట్టూ ఉంటాయి, చాలా ఎర్రనేలలు 6.5 నుంచి 7.5. గంధకం వేస్తే దిగుతుంది కదా అని అడుగుతారు. సున్నం లేని ఎర్రనేలలో కొంత దిగుతుంది. సున్నం ఉన్న నేలలో లెక్క చూడండి. ఎకరంలో అర అడుగు లోతు మట్టి బరువు సుమారు 900 టన్నులు. అందులో సున్నం ఒక్క శాతం ఉంటే 9 టన్నులు. దాన్ని కరిగించడానికే దాదాపు 2.9 టన్నుల గంధకం కావాలి. ఆ తర్వాతే ఉదజని సూచిక కిందికి కదలడం మొదలవుతుంది. మన రేగళ్లలో సున్నం 5, 10 శాతం ఉండటం మామూలే. అంత గంధకం వేయలేం, వేసినా అంత ఉప్పు తయారయ్యాక మొక్క బతకదు.

మీ మట్టి ముద్ద మీద నాలుగు చుక్కలు పలచటి ఆమ్లం వేసి చూడండి. బుసబుస పొంగితే నేలలో నాటే ఆలోచన అక్కడితో వదిలేయండి. కుండీలే దారి.

నీరు: ముందు దీన్ని పరీక్ష చేయించండి

మొక్కకు అడ్వాన్సు కట్టే ముందు నీటి పరీక్ష చేయించండి. బోరు అరగంట నడిచాక, అదే నీటితో రెండుసార్లు కడిగిన లీటరు సీసాలో నిండుగా పట్టి మూత బిగించి పంపండి. ఉదజని సూచిక, లవణ సాంద్రత, బైకార్బొనేట్లు, సోడియం, క్లోరైడ్ అడగండి. చాలామంది ఉదజని సూచిక ఒక్కటే చూసి ఊరుకుంటారు. మొక్కను దెబ్బతీసేది బైకార్బొనేటు. అది నీటిలో కరిగిన సున్నం లాంటిది. ఎంత మంచి పుల్లటి మిశ్రమం కుండీలో నింపినా, రోజూ ఈ నీరు పోస్తుంటే ఆరు నెలల్లో మిశ్రమం 7 దాటుతుంది. ఆకులు ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య పసుపుగా మారతాయి. సున్నపు నేలల్లో వేరుశనగ పసుపెక్కడం చూసినవాళ్లకు ఈ లక్షణం కొత్త కాదు. అది ఇనుము లోపం. మిశ్రమంలో ఇనుము ఉంటుంది, వేరుకు మాత్రం అందదు.

రిపోర్టులో బైకార్బొనేటు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటే 61తో భాగించండి. వచ్చింది మిల్లీ ఈక్వివలెంట్లు. అది 1 లేదా అంతకంటే తక్కువైతే నీరు నేరుగా వాడుకోవచ్చు. 2 నుంచి 5 మధ్య ఉంటే ఆమ్లం కలిపి సరిచేయాలి. ఒక్కో మిల్లీ ఈక్వివలెంటును తగ్గించడానికి వెయ్యి లీటర్లకు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సుమారు 27 మిల్లీలీటర్లు పడుతుంది. ఉదాహరణకు రిపోర్టులో 300 ఉందనుకోండి. 300ని 61తో భాగిస్తే 4.9. దాన్ని 1కి తేవాలంటే 3.9 తగ్గించాలి, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకుకు సుమారు 105 మిల్లీలీటర్లు. లెక్క వచ్చింది కదా అని ఒకేసారి పోయకండి. మూడొంతులు కలిపి, బాగా తిప్పి, మీటరుతో చూసి, 5 నుంచి 5.5 మధ్య వచ్చేదాకా కొద్దికొద్దిగా కలపండి.

ఆమ్లంతో పని ప్రాణాల మీదికి వచ్చే పని. ఎప్పుడూ నీటిలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీరు పోయకూడదు. పోస్తే ఎగిరి ముఖం మీద పడుతుంది. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు లేకుండా సీసా మూత తీయకండి. పిల్లలకు అందే చోట పెట్టకండి. ఇంటి ఆడవాళ్లకో, కూలీకో అప్పగించే పని కాదిది. బ్యాటరీ ఆమ్లం వాడకండి, దాని గాఢత వేరు, పాత బ్యాటరీలోదైతే సీసం కూడా వస్తుంది. దీనికి జంకేవాళ్లు నిమ్మ ఉప్పు వాడవచ్చు. ఖర్చు ఎక్కువ, పని నిదానం, కానీ పది ఇరవై కుండీలకు సరిపోతుంది. నైట్రిక్ ఆమ్లం మాత్రం ఈ పంటకు వద్దు. కారణం ఎరువుల దగ్గర చెబుతాను.

ఆమ్లం బైకార్బొనేటును తీస్తుంది గానీ సోడియాన్ని, క్లోరైడును తీయదు. లవణ సాంద్రత 1 దాటిన బోరు, ఉప్పు నీటి బోరు, చౌడు దగ్గరి బోరు ఉన్నవాళ్లు ఈ పంట మాట మరిచిపోవడమే లాభం.

అందరికంటే అదృష్టవంతులు వాననీరు దాచుకోగలిగిన వాళ్లు. 100 చదరపు మీటర్ల షెడ్డు కప్పు, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన, ఐదో వంతు వృథా తీసేసినా 56 వేల లీటర్లు చేతికొస్తాయి. 50 కుండీలకు రోజుకు 3 లీటర్ల చొప్పున వానలేని 200 రోజులకు కావలసింది 30 వేల లీటర్లు. అంటే ఒక పశువుల కొట్టం కప్పు, ఒక ట్యాంకు ఉంటే 50 మొక్కల ప్రయోగానికి ఆమ్లం సీసాతో పనే లేదు. మొదటి రెండేళ్లు ఈ 50తోనే ఆగమని నా సలహా.

కుండీ, మిశ్రమం

25 నుంచి 30 లీటర్ల సంచులు లేదా కుండీలు తీసుకోండి. బయట తెలుపు, లోపల నలుపు ఉన్నవి కావాలి. మన ఎండకు నల్ల సంచిలో వేరు ఉడికిపోతుంది, పైకి చూస్తే నీరు చాలలేదేమో అనిపిస్తుంది, ఇంకా నీరు పోస్తారు, వేరుకుళ్లు మొదలవుతుంది. సంచుల్ని నేల మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీద పెట్టండి.

మిశ్రమానికి ప్రధానం కొబ్బరి పొట్టు. కోనసీమ పొట్టు దగ్గరలోనే దొరుకుతుంది. కానీ అందులో ఉప్పు ఉంటుంది. మంచి నీటితో మూడు నాలుగుసార్లు కడిగి, చివర కారిన నీటి లవణ సాంద్రత 0.5 లోపు వచ్చాకే వాడండి. కడిగిన పొట్టు సగం, పైన్ బెరడు ముక్కలు దొరికితే పావు వంతు, మిగతా పావు పెర్లైట్. బెరడు దొరకకపోతే ఆ వంతు వరి ఊకతో నింపవచ్చు, అయితే ఊక ఏడాదిలో కుళ్లి కుంగుతుంది, పైన మళ్లీ నింపాలి. మట్టి కలపకండి. ఇంకో మాట మన రైతులకు మింగుడు పడదు: మాగిన పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, బూడిద కూడా కలపకండి. ఇవన్నీ మిశ్రమాన్ని తటస్థం వైపు, ఉప్పు వైపు లాగుతాయి. వందేళ్ల కిందట అమెరికాలో మొక్కలు చచ్చింది ఈ ప్రేమతోనే.

మొక్కలు టిష్యూ కల్చర్‌వి లేదా కొమ్మ కటింగ్‌తో చేసినవి, కనీసం ఏడాది వయసువి తీసుకోండి. రకం పేరు బిల్లులో రాయించుకోండి. రెండు రకాలు కలిపి తీసుకోండి, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అందితే కాయ పెద్దది. నాటడానికి జూన్ చివర, జూలై మంచిది. మొదటి ఏడాది వచ్చిన పూతంతా గిల్లేయండి. కష్టంగానే ఉంటుంది, కానీ అడుగున్నర మొక్క మీద కాయ నిలిపితే రెండో ఏడాది మొక్క ఉండదు.

ఎరువులు

ఈ మొక్క నత్రజనిని అమ్మోనియం రూపంలో తీసుకోవడానికి ఇష్టపడుతుంది. నైట్రేటు రూపం దానికి సరిగా ఒంటబట్టదు. అందుకే కాల్షియం నైట్రేటు, పొటాషియం నైట్రేటు, పైన చెప్పిన నైట్రిక్ ఆమ్లం వద్దన్నాను. అమ్మోనియం సల్ఫేటు దీనికి అన్నం లాంటిది. మొక్క అమ్మోనియం తీసుకుంటూ వేరు చుట్టూ పులుపు కూడా పెంచుతుంది, అది మనకు కలిసొస్తుంది. వెయ్యి లీటర్ల నీటిలో 250 గ్రాములు కలిపితే నత్రజని లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు అవుతుంది. పెరిగే కాలంలో ఈ పలచటి ద్రావణాన్ని వారానికి రెండు మూడుసార్లు ఇస్తే చాలు. గుప్పెడు తెచ్చి మొదట్లో చల్లితే ఆ మధ్యాహ్నానికే ఆకు అంచులు మాడతాయి.

పొటాష్‌కు ఎర్ర పొటాష్ వద్దు, అందులో క్లోరైడు ఉంది. తెల్లటి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. భాస్వరానికి 12-61-0 కొద్దిగా. ఆకు పసుపెక్కితే లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ముందు ఒక మొక్క మీద చూసి, సాయంత్రం పిచికారీ చేయండి. ఆకు పచ్చబడుతుంది. కానీ నీరు సరిచేయకపోతే కొత్త చిగురు మళ్లీ పసుపుగానే వస్తుంది.

నీరు రోజుకు ఇన్ని లీటర్లని అంకె పట్టుకోకండి. పోసిన నీటిలో ఆరో వంతు, ఐదో వంతు కుండీ అడుగు నుంచి కారాలి, అప్పుడే ఉప్పు పేరుకోదు. వేసవిలో ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతలుగా ఇవ్వండి. అడుగున కారిన నీటిని పదిహేను రోజులకోసారి మీటరుతో చూడండి. పైనుంచి పోసిన నీరు 5.5 ఉండి కింద కారింది 7 ఉంటే ఎక్కడో తేడా జరుగుతోందని అర్థం.

ఏడాది ఎలా సాగుతుంది

పగటి వెలుతురు తగ్గుతూ, వేడి 28 డిగ్రీల కిందికి దిగే రోజుల్లో కొమ్మ చివర్లలో పూమొగ్గ కడుతుంది. మన దగ్గర అది అక్టోబరు, నవంబరు. డిసెంబరు, జనవరిలో పూత. పూత నుంచి కోతకు రెండు నుంచి మూడు నెలలు, అంటే ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్. ఇబ్బంది ఇక్కడే వస్తుంది. కాయ ముదిరే సమయానికి ఎండ ముదురుతుంది. ఏప్రిల్ కాయ మెత్తబడి, చిన్నదై, నిల్వ లేకుండా పోతుంది. కాబట్టి మన ప్రయత్నమంతా కాపును ముందుకు జరపడంలోనే ఉండాలి. ఏప్రిల్ చివరకు కాయ మిగిలినా లెక్కచేయకుండా కోత ముగించి, ఎండిన, ముసలి కొమ్మలు తీసి, మిగతావి మూడో వంతు తగ్గించండి. మే నెలంతా 35 శాతం షేడ్‌నెట్ కింద మొక్కను బతికించుకోవడమే పని, ఎరువు సగానికి తగ్గించండి. జూన్ వానలతో వచ్చే చిగురే వచ్చే ఏటి కాపు కొమ్మ. సెప్టెంబరు దాకా ఆ ఆకును తెగుళ్ల నుంచి కాపాడండి. అక్టోబరులో నెట్ తీసేయండి లేదా పక్కకు జరపండి, నీడలో మొగ్గ కట్టదు. ఈ ఒక్క పని మరిచి "చెట్టు గుబురుగా ఉంది, పూత లేదు" అనేవాళ్లు ఎక్కువ.

పువ్వు చిన్న గంటలా కిందికి వేలాడుతుంది. పుప్పొడి సన్నటి రంధ్రం గుండా రాలాలి, దానికి ఈగ పువ్వు పట్టుకుని గట్టిగా కంపించాలి. ఆ పని అమెరికాలో బంబుల్ ఈగలు చేస్తాయి. మనకు నల్ల తుమ్మెదలు, తేనెటీగలు ఉన్నాయి. తుమ్మెద కొన్నిసార్లు పువ్వు మొదట్లో చీల్చి తేనె తాగి పోతుంది, అప్పుడు ప్రయోజనం లేదు. పూత సమయంలో నాలుగు వైపులా నెట్ మూయకండి, ఎకరానికి రెండు మూడు తేనెటీగల పెట్టెలు పెట్టుకుంటే మంచిది. ఆ వారాల్లో పురుగుమందు ముట్టుకోకండి.

తెగుళ్లు, పురుగులు, పిట్టలు

వేరుకుళ్లు నీరు నిలిస్తే వస్తుంది, వచ్చాక మందులతో నిలిచేది తక్కువ. వానాకాలంలో ఆకు తుప్పు, ఆకుమచ్చ తెగుళ్లు వస్తాయి. మొక్కల మధ్య గాలి ఆడేలా చూడండి, రాలిన ఆకు ఏరి కాల్చేయండి. కొమ్మ పైనుంచి ఎండుతూ వస్తే, ఎండిన చోటుకు జానెడు కింద పచ్చటి భాగంలో కత్తిరించి, కత్తెరను స్పిరిటుతో తుడవండి.

మిరపను ముడత పెట్టే తామర పురుగు ఫ్లోరిడాలో బ్లూబెర్రీకి కూడా పెద్ద శత్రువు. కత్తిరింపు తర్వాత వచ్చే లేత చిగురును పీల్చి ఆకును కంచు రంగుకు తెస్తుంది. 2021లో గుంటూరు, ఖమ్మం మిరపను ఊడ్చేసిన నల్ల తామర పురుగు పూతల్లో చేరే రకం. అందుకే మిరప చేల పక్కన ఈ తోట వద్దు. నీలం జిగురు అట్టలు కట్టి, చిగురు సమయంలో వారానికోసారి తెల్ల కాగితం మీద కొమ్మ దులిపి చూడండి. మందు కొనే ముందు డబ్బా లేబుల్ మీద ఏ పంటలు రాసి ఉన్నాయో, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో చదవండి. ఈ పండు తొక్కతో సహా, తరచూ కడగకుండానే పిల్లలు తింటారు.

పిగిలి పిట్టలు, గోరింకలు, రామచిలుకలు కాయ రంగు తిరిగిన రోజే వస్తాయి. రంగు తిరగకముందే పైన పిట్టల వల కట్టాలి.

కోత, అమ్మకం, ఒప్పందం

కాయ నీలం కాగానే కోయకండి. తొడిమ దగ్గర ఎరుపు పోయి పూర్తిగా నీలం అయ్యాక ఇంకో మూడు నాలుగు రోజులు ఆగితే తీపి వస్తుంది. చెట్టు నుంచి కోశాక ఇది తీపెక్కదు. ఎండ ఎక్కకముందే, పైన బూడిద పూత చెరగకుండా, చిన్న డబ్బాల్లోకి నేరుగా కోయాలి. గుత్తిలో ఒక్కో కాయ ఒక్కో రోజు పండుతుంది కాబట్టి వారానికి రెండు కోతలు, కూలీ ఖర్చు ఎక్కువ. కోసిన గంటా రెండు గంటల్లో చల్లటి చోటికి చేరాలి.

మొక్కకు మొక్కకు 3 అడుగులు, వరుసకు వరుసకు 8 అడుగులు పెడితే ఎకరానికి సుమారు 1800 మొక్కలు. ఆ మొక్కల ధర, కుండీలు, మిశ్రమం, డ్రిప్, నెట్, పిట్టల వల, చల్లగది అన్నీ కలిపి కాగితం మీద వేసుకోండి. రెండో ఏడాది చివరిదాకా రాబడి సున్నా అని రాయండి. అమ్మేవాడు చెప్పిన దిగుబడిలో సగం, చెప్పిన ధరలో సగం వేసి చూడండి. అప్పటికీ వడ్డీ తీరితేనే ముందుకెళ్లండి. ఇంటి భూమి తాకట్టు పెట్టి ఎకరం వేయాల్సిన పంట ఇది కాదు.

తిరిగి కొంటామనే ఒప్పందంలో ధర అంకెల్లో ఉందా, "మార్కెట్ ధర" అని మాత్రమే ఉందా చూడండి. కాయ సైజు, తీపి ఎంత ఉంటే తీసుకుంటారో, తిరస్కరించిన పండు ఎవరిదో, ఎన్ని రోజుల్లో డబ్బిస్తారో రాసి ఉండాలి. మొక్కలమ్మే సంస్థే పండు కొంటానంటే, అది గత ఏడాది ఏ రైతుల దగ్గర పండు కొన్నదో అడిగి, ఆ తోటలకు స్వయంగా వెళ్లండి. మొక్కలు చూసి రావడం కాదు, పండు అమ్మిన బిల్లు చూడండి. రాయితీ వస్తుందని చెబితే మీ మండల ఉద్యాన అధికారిని అడిగి, ఉత్తర్వు ఉంటేనే నమ్మండి.

మైదానంలో ఉండి, నీరు ఉప్పగా ఉండి, అయినా పొద పండ్లే వేయాలనుకునేవారికి వాక్కాయ ఉంది. 45 డిగ్రీలు దానికి లెక్కే కాదు, ముళ్ల కంచెగానూ పనికొస్తుంది. బేకరీల్లో కేకు మీద పెట్టే ఎర్ర చెర్రీల్లో చాలావరకు పాకంలో ఊరబెట్టిన వాక్కాయలే. ఫాల్సా కూడా మన ఎండకు పుట్టిన పొదే, వేసవిలో షర్బతుకు గిరాకీ ఉంటుంది, ఏటా చలికాలంలో కురచగా కత్తిరిస్తే కొత్త కొమ్మ మీద కాస్తుంది. ఈ రెండింటికీ ఆమ్లం సీసా, చల్లగది, పెరూ లెక్కలు ఏవీ అక్కర్లేదు.